ప్రతినాయకుల చరిత్రలో ప్రతినాయిక చోటు

మంగళగిరి అనగానే ఎవరికైనా పానకం గుర్తొస్తుంది. కొండ మీది నరసింహస్వామి నోట్లో పోసిన పానకంలో సగం తాగి, మిగతా సగం మనకే వదిలేస్తాడని భక్తుల నమ్మకం. ఆ పానకం వెనక ఒక వధ ఉంది. నముచి అనే రాక్షసుడు తపస్సు చేసి, తడిదానితో గానీ పొడిదానితో గానీ తనకు చావు రాకూడదని వరం పొందాడని స్థలపురాణం చెబుతుంది. ఇంద్రుడు సుదర్శన చక్రాన్ని నురగలో ముంచి ప్రయోగించాడు. నురగ తడీ కాదు, పొడీ కాదు. నముచి చచ్చాడు. ఉగ్రం చల్లారడానికి స్వామి కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు తాగి, కలియుగంలో పానకంతో తృప్తిపడుతున్నాడట. స్వామికి ఏమిష్టమో మెట్లెక్కే ప్రతివాళ్ళకూ తెలుసు. చచ్చినవాడి పేరు తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

నిజానికి నముచి మంగళగిరి కంటే చాలా పాతవాడు. ఇంద్రుడు నీటినురగతో అతని తల తుంచిన సంగతి ఋగ్వేదంలోనే ఉంది. అక్కడ అతనికి శత్రువన్న గుర్తింపు తప్ప ఇంకేమీ లేదు. సంస్కృత మహాభారతం శల్యపర్వానికి వచ్చేసరికి అతనికి ఒక కథ వచ్చింది. ఇంద్రుడికి భయపడి సూర్యకిరణాల్లో దాక్కున్న నముచితో ఇంద్రుడు స్నేహం చేశాడు. తడిదానితో గానీ పొడిదానితో గానీ, పగలు గానీ రాత్రి గానీ నిన్ను చంపనని మాటిచ్చాడు. ఒకరోజు మంచు కమ్మినప్పుడు నురగతో తల నరికేశాడు. తెగిన తల ఊరుకోలేదు. మిత్రద్రోహీ అంటూ ఇంద్రుడి వెంటపడింది. ఇంద్రుడు పుణ్యతీర్థంలో మునిగితే గానీ ఆ పాపం వదల్లేదు. ఆ తలకూ ఉత్తమలోకాలు దొరికాయి. ఇక శాంతిపర్వంలో నముచి రాజ్యం పోయినా చలించకుండా కూర్చుని, అదే ఇంద్రుడికి దుఃఖం గురించి పాఠం చెబుతాడు.

ఈ కథల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. భారతంలో స్నేహితుడికిచ్చిన మాటగా ఉన్నది మంగళగిరి కథలో తపస్సుకి దొరికిన వరంగా మారింది. మాట వరంగా మారగానే ఇంద్రుడి ద్రోహం మాయమైంది. ఉపాయం ఒక్కటే మిగిలింది. ప్రతినాయకుడికి గతం ఉంటే నాయకుడి మచ్చ కనబడుతుంది. గతం తీసేస్తే గెలుపు శుభ్రంగా ఉంటుంది. ప్రతినాయకుడి ఎదుగుదల, కుదింపు ఎప్పుడూ కథ చెప్పేవాళ్ళ అవసరాన్ని బట్టే జరుగుతాయి.

తరాల తరబడి సాగే ఏ కథకైనా ఈ అవసరం వస్తుంది. మన కాలంలో దానికి పెద్ద ఉదాహరణ బ్రిటన్‌లో 1963లో మొదలైన టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'. దాని తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే యువతి. ఆ ఏడాది డిసెంబరులోనే లోహపు డొప్పల్లో తిరిగే డాలెక్‌లు వచ్చాయి. మొదట వాటికి తెలిసింది చంపడమే. మెట్లెక్కలేవని జనం నవ్వితే, 1988లో గాల్లోకి లేచి మెట్లెక్కించారు. ఈలోగా 1975లో వాటి పుట్టుక చెప్పారు. అంతులేని యుద్ధంలో తన జాతిని కాపాడుకోవాలనుకున్న డావ్రోస్ అనే శాస్త్రవేత్త, జాలి అనే గుణాన్ని తీసేసి వాటిని తయారుచేశాడు. ముందు బలం పెంచడం, తర్వాత గతం ఇవ్వడం, చివరికి అంతరాత్మ ఇవ్వడం: దీర్ఘకాలపు కథల్లో ప్రతినాయకుడు ఎక్కే మెట్లు ఇవే. నముచి ఈ మెట్లన్నీ ఏనాడో ఎక్కేశాడు.

నముచి ఒక్కడే కాదు. జయవిజయులు సనకసనందనాదుల శాపంతో హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా మూడు జన్మలెత్తారు. ఈ శాపం కథ రాగానే మూడు యుగాల శత్రువు ఒక్కడే అయ్యాడు. పైగా వాడు దేవుడి ద్వారపాలకుడు, ఇంటికి తిరిగి వెళ్ళాల్సినవాడు. భాగవతంలో హిరణ్యకశిపుడు తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్నగా ముందు కనిపిస్తాడు. ఏడుస్తున్న తల్లి దితిని కూర్చోబెట్టి చావు గురించి వేదాంతం చెప్పి ఓదారుస్తాడు. తపస్సు, వరం, స్తంభం ఆ తర్వాతే. మగ రాక్షసుడి క్రూరత్వానికి ఒక దుఃఖాన్ని కారణంగా చూపించడం మన పౌరాణికులకు బాగా తెలుసు.

అతని భార్య లీలావతి విషయం చూడండి. భర్త తపస్సుకి వెళ్ళినప్పుడు ఇంద్రుడు గర్భవతిగా ఉన్న ఆమెను ఈడ్చుకుపోయాడు. పుట్టే బిడ్డను చంపాలని అతని ఆలోచన. నారదుడు అడ్డుపడి విడిపించాడు. ఆశ్రమంలో నారదుడు చేసిన బోధ కడుపులోని ప్రహ్లాదుడికి గుర్తుండిపోయిందట, తల్లి మరిచిపోయిందట. నిండు గర్భిణిని చెరబట్టిన ఇంద్రుణ్ణి కథ దేవతల వరసలోనే ఉంచింది. అనుభవించిన ఆమెకు జ్ఞాపకం కూడా మిగల్చలేదు.

కృష్ణా డెల్టా ఈ రాక్షసుల్ని వేదిక మీదికీ తెర మీదికీ తెచ్చింది. కూచిపూడి యక్షగానాల్లో ప్రహ్లాద నాటకం పేరున్నది. మన మొదటి తెలుగు టాకీ, 1932లో విడుదలైన హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద', కూడా ఆ కథే. అందులో లీలావతిగా సురభి కమలాబాయి నటించింది. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడికి ప్రాణం పోశాడు. కొడుకుని చంపమని ఆజ్ఞాపిస్తూనే కొడుకు మీద ప్రేమతో నలిగిపోయే తండ్రిని మనం మరిచిపోలేం. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1958లో 'భూకైలాస్', 1961లో 'సీతారామ కల్యాణం' చిత్రాల్లో రావణుణ్ణి శివభక్తుడిగా, వీణా విద్వాంసుడిగా నిలబెట్టాడు. 1977లో 'దానవీరశూర కర్ణ'లో దుర్యోధనుడికి ఠీవినీ స్నేహధర్మాన్నీ, భార్యతో యుగళగీతాన్నీ ఇచ్చాడు. అందులోనే కృష్ణుడు కూడా ఆయనే అయినా, జనం నోట నానిన డైలాగులు దుర్యోధనుడివి.

దీనికి రాజకీయ చరిత్ర కూడా ఉంది. అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుక వధ' రాసి పురాణాన్ని బోనెక్కించాడు. శత్రువంటే ఎవరు, శత్రువని ముద్ర వేసేదెవరు అన్న ప్రశ్న బ్రాహ్మణేతర ఉద్యమాలతో డెల్టా ఊళ్ళలోకి వచ్చింది. రాక్షసుడికి గౌరవం దక్కడం ఒక ప్రజాస్వామిక విజయమే. కాదనను. కానీ ఆ విజయంలో స్త్రీల వాటా ఎంత? 1963లో వచ్చిన 'నర్తనశాల'లో రంగారావు వేసిన కీచకుడికి 1964లో జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆ నటన గొప్పదే. అయితే సైరంధ్రి మీదికి వచ్చినవాడి రాజసాన్ని మనం ఇన్నేళ్ళుగా మెచ్చుకుంటున్న తీరు చూస్తే, ఆమె భయం ఎవరికి గుర్తుందని అడగాలనిపిస్తుంది.

మన ప్రతినాయికలకు గతం లేక కాదు. వాల్మీకి రామాయణంలో తాటక యక్షకన్య. ఆమె భర్త సుందుణ్ణి అగస్త్యుడు చంపాడు. కోపంతో మీదికి వెళ్ళిన ఆమెకు వికృతరూపం వచ్చేలా శపించాడు. రాముడు స్త్రీని చంపడానికి వెనకాడితే, జాలి వద్దని విశ్వామిత్రుడు నచ్చజెప్పాడు. భర్త చావుకు కోపం తెచ్చుకున్న భార్య కథ ఆమెను చంపేముందు రెండు మాటల్లో ముగిసిపోయింది. శూర్పణఖ భర్త విద్యుజ్జిహ్వుణ్ణి చంపింది స్వయంగా రావణుడే. ఆమెను దండకారణ్యానికి పంపిందీ అతనే. ఈ సంగతి ఉత్తరకాండలో, యుద్ధమంతా అయిపోయాక తెలుస్తుంది. ముందే తెలిసి ఉంటే, ముక్కూచెవులూ కోయించుకుని అన్న దగ్గరికి వెళ్ళిన ఆమె ఏడుపు మనకు ఇంకోలా వినపడేది. హిరణ్యకశిపుడి దుఃఖం కథకు ముందే వచ్చింది. శూర్పణఖ దుఃఖం కథ అయిపోయాక వచ్చింది. మన వాడుక భాషలో తాటకి, శూర్పణఖ అన్నవి ఇప్పటికీ ఆడవాళ్ళని తిట్టే మాటలు. దుర్యోధనుడి ఠీవి అన్నది మాత్రం మెచ్చుకోలు.

సాంఘిక చిత్రాలకు వచ్చేసరికి రాక్షసి గయ్యాళి అయింది. సూర్యకాంతం తన ప్రతిభతో ఆ పాత్రను ఎంత పెద్దది చేసిందంటే, 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి 'గుండమ్మ కథ' అని ఆమె పాత్ర పేరే పెట్టారు. అయినా గుండమ్మ ఎక్కే మెట్టు ఒక్కటే. ఛాయాదేవి వేసిన పాత్ర చేతిలో అగచాట్లు పడి బుద్ధి తెచ్చుకోవడం. ఆడదాని చేతే ఆడదాన్ని లొంగదీయించి, ఇంటి పెత్తనం చేసిన విధవరాలి కథ అలా ముగించారు. ఆస్తి చేతిలో ఉంచుకోకపోతే ఆమె గతేమయ్యేదన్న ఊసు అందులో లేదు.

ప్రతినాయికకు ఏళ్ళకొద్దీ కాలం దొరికింది ఒక్క టీవీ సీరియల్లోనే. మంగళగిరి నేతపని ఇళ్ళలో కండెలు చుట్టే ఆడవాళ్ళు మొదలు ఉద్యోగం చేసి ఇంటికొచ్చేవాళ్ళ వరకూ అందరి సాయంత్రాల్లోకీ అది వచ్చింది. మలయాళ 'కరుత్తముత్తు' ఆధారంగా తీసిన 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 దాకా నడిచింది. అందులో మోనిత డాక్టరు. ఆమె కోరుకున్న కార్తీక్ కూడా డాక్టరే. అదే చదువు అతనికి మర్యాద తెచ్చింది, ఆమెకు కుట్రలు చేసే తెలివిగా మారింది. అయిదేళ్ళలో మోనిత ఎన్నిసార్లు పడిందో, ఎన్నిసార్లు లేచిందో లెక్కలేదు. ప్రతిసారీ లేచింది పాత మోనితే. రావణుడికి మూడు గంటల సినిమాలో దొరికిన మార్పు ఆమెకు వందల ఎపిసోడ్లలో దొరకలేదు. సీరియల్ సాగాలంటే ఆమె మారకూడదు మరి. ఎక్కువసేపు తెరమీద ఉండటం, ఎదగడం ఒకటి కావని ఆమెను చూస్తే అర్థమవుతుంది.

మరి భవిష్యత్తును ఊహించే సైన్స్ ఫిక్షన్ ఇంతకంటే మెరుగ్గా ఉందా? అమెరికన్ 'స్టార్ ట్రెక్'లో 1989లో వచ్చిన బోర్గ్‌లు ముఖం లేని యంత్రసమూహం. 1996 సినిమాలో వాళ్ళకొక ముఖం అవసరమైతే రాణిని తెచ్చి, ఆమె చేతికి వలపు అనే పాత ఆయుధమే ఇచ్చారు. 'డాక్టర్ హూ' ఇంకొంచెం ముందుకెళ్ళింది. అందులో నాయకుడు డాక్టరు, 1971 నుంచి అతని చిరకాల శత్రువైన మాస్టర్ ఇద్దరూ చావు దగ్గరికొచ్చినప్పుడు కొత్త శరీరం ధరిస్తారు. 2014లో మాస్టర్ 'మిస్సీ' అనే స్త్రీగా వచ్చాడు. డాక్టరు స్త్రీ కావడానికి 2017 చివరిదాకా ఆగాలి. ఆడదాన్ని ముందు శత్రువుగా పెట్టి చూసి, జనం ఒప్పుకున్నాకే నాయకత్వం ఇచ్చినట్టయింది.

మిషెల్ గోమెజ్ నటించిన ఆ మిస్సీకి మూడో మెట్టు దొరికింది. చేసిన హత్యలు తలుచుకుని ఏడ్చింది. 2017లో ఆమె ముగింపు కథలో, మగవాడిగా ఉన్న తన పాత రూపమే ఆమెకు ఎదురుపడుతుంది. డాక్టరు పక్షాన నిలబడాలని మిస్సీ నిర్ణయించుకుని, ఆ పాతరూపాన్ని పొడిచి వెనుదిరుగుతుంది. అతను చస్తూ ఆమెను వీపులో కాల్చేస్తాడు. ఆమె మారిందని డాక్టరుకి తెలియను కూడా తెలియదు. మారాలనుకున్న స్త్రీని అడ్డుకునేది గతకాలపు మగ అహంకారమేనని ఆ రచయిత ఉద్దేశించాడో లేదో గానీ, నాకు మాత్రం అలాగే అర్థమైంది. నముచి తల కనీసం ద్రోహీ అని అరవగలిగింది. మిస్సీకి సాక్షి కూడా లేదు.

ఈ లోటు మన దగ్గర తీర్చింది స్త్రీవాద రచన. 1974 నుంచి 1976 దాకా వచ్చిన 'రామాయణ విషవృక్షం'లో రంగనాయకమ్మ, కథలో ఎవరికి న్యాయం జరిగింది అన్న ప్రశ్నని సూటిగా వేశారు. గుంటూరులో పుట్టిన ఓల్గా 'సమాగమం' కథలో అడవిలో ఉన్న సీతను శూర్పణఖ తోటకి తీసుకెళ్ళారు. కోసేసిన ముఖంతో, అందం మీద ద్వేషంతో రగిలిపోయిన శూర్పణఖ, మొక్కలు పెంచుతూ, వాటిని తాకుతూ, తనను తాను తిరిగి నిలబెట్టుకుంది. ఆమె ఎవర్నీ చంపలేదు, ఎవరి దయతోనూ మోక్షం పొందలేదు. ఇద్దరూ ఒకే యుద్ధంలో వాడుకోబడ్డవాళ్ళని సీతకు అర్థమవుతుంది. ఈ కథ ఉన్న 'విముక్త' 2010లో పుస్తకంగా వచ్చింది, 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మగ ప్రతినాయకుడి ఎదుగుదల ఎప్పుడూ నాయకుడితో పోటీలోనే జరిగింది. అతనెంత గొప్పవాడైతే చంపినవాడు అంత గొప్పవాడు. ఓల్గా శూర్పణఖకు చంపేవాడి అవసరం లేదు. ఆమె ఎదుగుదల ఇంకో స్త్రీతో మాట కలపడంలో ఉంది. కథలో శత్రువులుగా నిలబెట్టిన ఇద్దరు ఆడవాళ్ళు కథ చెప్పినవాణ్ణి పక్కన పెట్టి మాట్లాడుకున్నారు. తాటకకు, లీలావతికి, గుండమ్మకు, మోనితకు అలాంటి సంభాషణలు ఇంకా రాయవలసే ఉన్నాయి.