దొంగిలింపబడిన పలకయు, దాని ప్రతియు

బెల్జియము దేశమందలి గెంట్ నగరమున సెయింట్ బావో కతీడ్రల్ అను ప్రాచీన దేవాలయము గలదు. హ్యూబర్ట్, యాన్ వాన్ ఐక్ అను అన్నదమ్ములు వ్రాసిన బలిపీఠ చిత్రము అందున్నది. అది 1432లో పూర్తియైనది. ఓక్ చెక్క పలకలమీద నూనె రంగులతో వ్రాసిన యీ చిత్రమునకు తలుపులవలె తెరచి మూయదగిన రెక్కలున్నవి. తెరచినప్పుడు నడుమ బలిపీఠముమీద దేవుని గొఱ్ఱెపిల్ల నిలిచియుండును. ప్రవక్తలు, అపొస్తలులు, హతసాక్షులు గుంపులు గుంపులుగా ఆయన యొద్దకు వచ్చుచుందురు. ఎడమవైపు చివరి పలకమీద గుఱ్ఱములనెక్కి వచ్చువారు నీతిగల న్యాయాధిపతులు.

అయితే, నేడు చూపరులకు కనబడు ఆ న్యాయాధిపతులు వాన్ ఐక్ చేతిపని కారు. ఆ పలక ఒక ప్రతి మాత్రమే.

ఈ చిత్రము పడిన శ్రమలు కొద్దివి కావు. 1566లో విగ్రహభంజకులు దేవాలయములపై పడినప్పుడు దీనిని గోపురములో దాచిరి. 1794లో ఫ్రెంచి సైనికులు నడిమి పలకలను పారిసునకు తీసికొనిపోగా, అవి 1815లో తిరిగివచ్చినవి. మరుసటి యేడే రెక్కలలో ఆరు పలకలు అమ్ముడుపోయి తుదకు బెర్లిను చేరెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము వెర్సేల్సు సంధినిబట్టి 1920లో అవియు ఇల్లు చేరినవి. కాని 1934 ఏప్రిలు 10వ తేది రాత్రి దొంగలు రెండు పలకలను అపహరించిరి. పది లక్షల ఫ్రాంకులు ఇమ్మని ఉత్తరములు వచ్చెను. బాప్తిస్మమిచ్చు యోహాను పలక తిరిగి దొరకినది. న్యాయాధిపతుల పలక నేటివరకు దొరకలేదు.

అప్పుడు యెఫ్ వాన్ డెర్ వెకెన్ అను చిత్రకారుడు ఆ పలకను మరల వ్రాయ పూనుకొనెను. 1939లో మొదలుపెట్టి 1945లో ముగించెను. కొత్త చెక్కకు మారుగా సుమారు రెండువందల యేండ్ల నాటి బీరువా పలకను తీసికొనెను. పాత ఫోటోలేగాక, అతనికి ఆధారమైనది మరియొక ప్రతి. 1557లో స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పు మూలచిత్రము తనకు దక్కదని యెరిగి, మిఖీల్ కొక్సీచేత మొత్తము చిత్రమునకు ప్రతి వ్రాయించెను. ఒక రాజు ముచ్చటకై పుట్టిన ప్రతి, నాలుగు శతాబ్దముల పిమ్మట మూలము పోయిన చోట సాక్షిగా నిలిచినది!

ఆ దేశములలో ప్రతి వ్రాయుట నీచమైన పనిగా ఎంచబడలేదు. 1440లో రోమునుండి కాంబ్రె పట్టణమునకు మరియ, బాలయేసుల చిత్రమొకటి వచ్చెను. లూకా సువార్తికుడే దానిని వ్రాసెనని జనులు నమ్మిరి. 1454లో పెట్రూస్ క్రిస్టూస్‌ను మూడు ప్రతులును, 1455లో హేన్ అను చిత్రకారుని పండ్రెండు ప్రతులును వ్రాయుమని కోరిరి. నిజమునకు ఆ చిత్రము లూకా వ్రాసినది కాదు. పూర్వపు బైజాంటియ చిత్రముల ననుసరించి ఇటలీలో వ్రాసినదే.

అయినను ప్రతి వ్రాయు చేతికి ఒక శోధన కలదు. ఇదే వాన్ డెర్ వెకెన్ ఇతర పాత చిత్రములను బాగుచేయు పేరిట వాటిలో పెద్ద భాగములను తానే తిరిగి వ్రాసెనని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. గొఱ్ఱెపిల్ల ముఖమునకును అట్టి గతియే పట్టినది. 16వ శతాబ్దములో ఎవరో దానిమీద వేరొక ముఖము వ్రాయగా, శతాబ్దముల తరబడి జనులు దానినే అసలు ముఖమని తలంచిరి. ఇటీవలి శుద్ధిలో ఆ పైరంగు తీసివేయగా, 2020 నాటికి వాన్ ఐక్ వ్రాసిన ముఖము లోకమునకు వెల్లడియైనది. చెప్పక పూసిన పైపూత మోసగించినది. ప్రతినని ఒప్పుకొని నిలిచిన న్యాయాధిపతుల పలక ఎవరిని మోసగించలేదు. నేర్పు ఒక్కటే, సత్యము చెప్పుటలోనే భేదమున్నది.

ప్రియ చదువరీ, ప్రతియని చిన్నచూపు చూడకుము. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కత్తితో కోసి కుంపటిలో వేసినప్పుడు, యిర్మీయా చెప్పగా బారూకు మరియొక చుట్ట వ్రాసెను గదా! నేడు మన చేతనున్నది ఆ రెండవ చుట్ట మాటలే. పౌలు స్వహస్తముతో సంతకము చేసిన పత్రిక ఒక్కటియు మనకు మిగిలియుండలేదు. దీపపు వెలుగున కూర్చుండి అక్షరమక్షరము చూచి వ్రాసిన లేఖకుల ప్రతులే మనకు వాక్యమును అందించినవి. వారిలో అనేకులు తమ పేరైనను వ్రాసికొనలేదు.

గెంటులోని ఆ పలక దొంగతనమును మరుగుపరచదు. అడిగినవారికి, ఇది అసలుది కాదు, పోయినదాని చోట నున్నది అని చెప్పుదురు. అయినను అది అచ్చట నుండుటచేత గొఱ్ఱెపిల్ల యొద్దకు సాగు వరుసలో ఖాళీ లేదు. మూలము ఏనాడైన దొరకినయెడల ఆ ప్రతి తన స్థలము విడిచి తొలగవలసినదే. అంతవరకు అది కావలి కాయుచున్నది.