జకార్తాలో రహీం సాబ్

ఈ ఒక్క సాయంత్రానికి నువ్వే రహీం సాబ్‌వి. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆబిడ్స్, నాంపల్లి ఉన్న హైదరాబాద్ మనిషివి. ఒకప్పుడు బంతి ఆడావు, బళ్లో పాఠాలు చెప్పావు, ఇప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌వి. 1962 సెప్టెంబర్ 4. జకార్తా, సేనయాన్ స్టేడియం. ఆసియా క్రీడల ఫైనల్.

లక్షమంది దాకా ఉన్నారు. మన జాతీయ గీతం మొదలైతే గేలి మొదలైంది. ఎందుకింత కోపం? ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వనప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధీ అన్నాడు. జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. అన్నది ఆయన, తిట్లు నీ జట్టు పిల్లలకు.

దగ్గొస్తోంది. ఆపుకో. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని పిల్లలకు తెలియకూడదు.

ఎదుట దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించింది వీళ్లే. ఎవరెవరిని దింపుతావు? డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లున్నాయి. వెనకాల పెడితే ప్రతి బంతికీ తల ఆనించాలి. కూర్చోబెడతావా? కుదరదు. సెమీస్‌లోలాగే ముందుకు తోస్తావు, సెంటర్ ఫార్వర్డ్‌గా. గోల్‌లో? ప్రద్యుత్ బర్మన్ బాగానే ఆడుతున్నాడు. అయినా జ్వరం నుంచి లేచిన పొడుగాటి తంగరాజ్‌నే పిలుస్తావు. తప్పితే ఊరుకోరు. నాకైతే అంత గుండె లేదు.

నీకు ఆ గుండె హైదరాబాద్‌లోనే వచ్చింది. అక్కడ కుర్రాళ్లకు నువ్వు పెట్టే టోర్నీలే వేరు. బంతి సరిగ్గా కుడికాలికే వస్తుంది, తన్నకూడదు. ఎడమకాలితోనే ఆడాలి. ఇంకో టోర్నీలో బంతి దగ్గర ఉంచుకుని పరిగెత్తడానికే వీల్లేదు. అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. మొదట తడబడతారు, తర్వాత తల ఎత్తి చూడ్డం నేర్చుకుంటారు. ఆ పద్ధతిలోనే నీ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నీ భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మైదానంలోనూ మనవాళ్లున్నారు: సికింద్రాబాద్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్.

విజిల్.

17వ నిమిషం. పీకే బెనర్జీ. గోల్!

20వ నిమిషం. కుట్ల తలతో జర్నైల్. రెండు!

స్టేడియంలో మనకోసం చప్పట్లు కొడుతున్నదెవరు? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు. ఇక్కడే హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించినవాళ్లు.

రెండో సగం. కాళ్లు బరువెక్కాయి. కొరియా మీదపడుతోంది. తంగరాజ్ ఆపాడు. మళ్లీ వచ్చారు.

85వ నిమిషం. గోల్. 2-1.

ఐదు నిమిషాలు. అరుపులు. బంతి మన పెనాల్టీ బాక్స్‌లో. తన్నేయ్. బయటికి. ఇంకోటి. నిలబడు. దగ్గకు.

విజిల్.

స్వర్ణం మనది. 1951లో ఢిల్లీలో ఇరాన్ మీద గెలిచిన స్వర్ణం కూడా నీ చేతి మీదుగా వచ్చిందే. 1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కి ఇప్పటిదాకా ఉన్న స్వర్ణాలు ఆ రెండే.