ఏకకాలిక పఠనాల నడుమ వరుస తొలగింపు పరీక్ష

ఏకకాలిక పఠనాల నడుమ వరుస తొలగింపు పరీక్ష అనగా, డేటాబేసులోని ఒక పట్టికను కొందరు చదువుతూ ఉండగానే మరొకరు అందులోని వరుసలను తొలగించినపుడు, చదివేవారికి తప్పుడు ఫలితం రాకుండా ఉన్నదో లేదో నిర్ధారించే సాఫ్ట్‌వేరు పరీక్షా విధానము. బ్యాంకు ఖాతాలు, రైల్వే రిజర్వేషను, ఆసుపత్రి రికార్డులు వంటి వాటిలో ఒకే పట్టికను ఒకే సమయంలో అనేకులు వాడుతారు కనుక ఈ పరీక్షకు ప్రాధాన్యము ఉన్నది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ప్రధానంగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు సంబంధించినవి.

సమస్య స్వరూపం

ఒక పట్టికలో 100 వరుసలు, ఒక్కొక్క వరుసలో 10 రూపాయల చొప్పున మొత్తం 1000 రూపాయలు ఉన్నాయనుకొందాము. ఒకరు వరుసగా కూడుతూ సగం వరకు వచ్చారు. ఇంతలో మరొకరు 10 వరుసలను తొలగించారు. వాటిలో 5 వరుసలు అప్పటికే కూడికలో చేరినవి, 5 ఇంకా చేరనివి. అపుడు కూడేవారికి వచ్చే మొత్తం 950. తొలగింపుకు ముందు సరియైన మొత్తం 1000, తరువాత 900. పట్టికలో ఏ క్షణంలోనూ 950 రూపాయలు లేవు. ఎర్రరు సందేశమేదీ రాకుండా తప్పు లెక్క రావడమే ఇందులోని ప్రమాదం.

పట్టికకు తాళం వేసి, చదవడం పూర్తయ్యేదాకా తొలగించేవారిని ఆపడం ఒక పరిష్కారం. కాని ఒక పెద్ద నివేదిక తయారయ్యేంతసేపు మిగిలిన పనులన్నీ నిలిచిపోతాయి.

బహుళ ప్రతుల విధానం

ఒకే సమాచారానికి అనేక ప్రతులను ఉంచే పద్ధతిని డేవిడ్ రీడ్ 1978లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమర్పించిన పరిశోధనా గ్రంథంలో వివరించాడు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ విధానం 1999లో వెలువడిన 6.5 వెర్షనుతో వచ్చింది.

దీనిని బడిలోని హాజరుపట్టీతో పోల్చవచ్చును. ఒక విద్యార్థి టి.సి. తీసుకొని వెళ్ళిపోతే ఉపాధ్యాయుడు ఆ కాగితాన్ని చించివేయడు. పేరును కొట్టివేసి, పక్కన తేదీ వేస్తాడు. గత నెల లెక్క చూసేవారికి ఆ పేరు ఉన్నట్లే, ఈ నెల లెక్క చూసేవారికి లేనట్లే. అదే విధంగా ప్రతి వరుసకు ఎక్స్‌మిన్, ఎక్స్‌మాక్స్ అనే రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది ఆ వరుసను చేర్చిన లావాదేవీ సంఖ్య, రెండవది తొలగించిన లావాదేవీ సంఖ్య. డిలీట్ ఆదేశం వరుసను చెరిపివేయదు, ఎక్స్‌మాక్స్‌ను నింపుతుంది. చదివే లావాదేవీ తన స్నాప్‌షాట్‌ను బట్టి ఏ వరుస తనకు కనబడాలో నిర్ణయించుకొంటుంది.

కొట్టివేసిన వరుసలను నిజంగా తీసివేసే పనిని తరువాత వాక్యూమ్ అనే ప్రక్రియ చేస్తుంది. ఆ పాత ప్రతిని చూడగల లావాదేవీ ఒక్కటి కూడా మిగిలి ఉండరాదన్నది దీని నియమం. సూచికలోని గురుతులను ముందుగా తీసివేసిన పిమ్మటనే ఖాళీ చోటును కొత్త వరుసకు ఇవ్వవలెను. లేనిచో పాత గురుతు వేరొక వరుసను చూపుతుంది.

పరీక్షించే పద్ధతి

పై పట్టికనే తీసుకొని, రిపీటబుల్ రీడ్ స్థాయిలో పరీక్షను ఈ క్రమంలో నడుపవచ్చును.

1. మొదటి సెషను లావాదేవీని మొదలుపెట్టి మొత్తాన్ని అడుగుతుంది. ఫలితం 1000.
2. రెండవ సెషను 10 వరుసలను తొలగించి కమిట్ చేస్తుంది.
3. మొదటి సెషను మళ్ళీ అడిగితే 1000 రావలెను. కొత్తగా వచ్చిన మూడవ సెషనుకు 900 రావలెను.
4. రెండవ సెషను వాక్యూమ్ నడుపుతుంది. ఆ 10 వరుసలు ఇంకా తీసివేయబడరాదు. మొదటి సెషనుకు మరల 1000 రావలెను.
5. మొదటి సెషను ముగిసిన పిదప వాక్యూమ్ నడిపితే వరుసలు తొలగిపోవలెను.

నాలుగవ మెట్టు లేని పరీక్ష సగం పరీక్షయే. తొలగింపు వరకు అంతా సరిగా ఉండి, శుభ్రపరచేటపుడు తప్పు జరిగే అవకాశమున్నది.

ఈ స్థాయిలో స్నాప్‌షాట్ లావాదేవీ ప్రారంభంలో కాక, అందులోని మొదటి ప్రశ్న సమయంలో ఏర్పడుతుంది. కనుక మొదటి ప్రశ్నకు ముందే తొలగింపు కమిట్ అయితే 900 రావడమే సరియైనది. రీడ్ కమిటెడ్ స్థాయిలో ప్రతి ప్రశ్నకు కొత్త స్నాప్‌షాట్ ఏర్పడుతుంది, కనుక మూడవ మెట్టులో మొదటి సెషనుకు కూడా 900 రావలెను. ఏ స్థాయిలో ఏది సరియైన జవాబో ముందుగా వ్రాసుకొనని పరీక్ష దేనినీ నిరూపించదు.

తొలగింపును రోల్‌బ్యాక్ చేసినపుడు అందరికీ 1000 రావలెను. ఇద్దరు ఒకే వరుసను తొలగించబోతే రెండవవారు వేచి ఉండవలెను. మొదటివారు కమిట్ చేసిన పిదప రీడ్ కమిటెడ్‌లో రెండవవారికి తొలగించిన వరుసలు సున్న అని, రిపీటబుల్ రీడ్‌లో 40001 అనే ఎర్రరు సంకేతం రావలెను.

పరీక్షా సాధనాలు

మామూలు పరీక్షలో ఆదేశాలు ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి, కనుక ఇటువంటి తప్పులు బయటపడవు. 2011లో వెలువడిన 9.1 వెర్షను నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మూలంలో ఐసొలేషన్ టెస్టర్ అనే సాధనం ఉన్నది. సెషనులను, వాటి మెట్లను వ్రాసి ఇస్తే ఇది వాటిని కోరిన క్రమాలలో నడుపుతుంది. క్రమం చెప్పకపోతే సాధ్యమైన అన్ని క్రమాలను నడుపుతుంది. మూడేసి మెట్లు గల రెండు సెషనులకు 20 క్రమాలు, మూడు సెషనులకు 1680 క్రమాలు ఏర్పడుతాయి. అందువలన పెద్ద పరీక్షలకు క్రమాలను ఎంచుకోక తప్పదు.

ఈ సాధనం ఆదేశాల మధ్య మాత్రమే సెషనులను మార్చగలదు. ఒక ఆదేశం లోపలనే కోరిన చోట ఆపడానికి 2024లో వచ్చిన 17వ వెర్షనులో ఇంజెక్షన్ పాయింట్లు అనే ఏర్పాటు చేరింది.

పరీక్షలకు చిక్కని లోపాలు

2021లో వెలువడిన 14వ వెర్షనులో, పట్టిక వాడుకలో ఉండగానే సూచికను తయారుచేసే ప్రక్రియకు సంబంధించి ఒక మెరుగుదల చేశారు. దాని ప్రకారం ఆ ప్రక్రియ యొక్క స్నాప్‌షాట్‌ను లెక్కించకుండానే పాత ప్రతులను తీసివేయవచ్చును. దీనివలన సూచిక తయారయ్యే సమయంలో మార్పు చేయబడిన కొన్ని వరుసలు సూచికలో చేరలేదు. వరుస పట్టికలో ఉన్నా, సూచిక ద్వారా వెదికినవారికి లేనట్లే కనబడింది. 2022 జూన్‌లో వచ్చిన 14.4లో దీనిని సరిదిద్దారు. అప్పటికే పాడైన సూచికలను మాత్రం వాడుకరులే తిరిగి నిర్మించుకోవలసి వచ్చింది.

చాలాసేపు నడిచే పఠనాల వలన పాత ప్రతులు పేరుకుపోతాయి. దీనికి పరిష్కారంగా 2016లో 9.6 వెర్షనులో, నిర్ణీత గడువు దాటిన స్నాప్‌షాట్‌ను పట్టించుకోకుండా వరుసలను తీసివేసే సదుపాయం వచ్చింది. అటువంటి పాత పఠనానికి తప్పు ఫలితం బదులు ఎర్రరు రావలసి ఉన్నది. ఈ సదుపాయంలో లోపాలు బయటపడడంతో 17వ వెర్షనులో దీనిని పూర్తిగా తొలగించారు.

ఇతర డేటాబేసులలో

మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ వరుసపై తొలగింపు గురుతు వేసి, పర్జ్ అనే ప్రక్రియ ద్వారా తరువాత తీసివేస్తుంది. ఒరాకిల్ పాత ప్రతులను అన్‌డూ భాగంలో ఉంచుతుంది. అవి చెరిగిపోతే పాత పఠనానికి స్నాప్‌షాట్ మరీ పాతదన్న ఎర్రరు వస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో 2010లో వచ్చిన 3.7.0 వెర్షను నుండి, వాల్ పద్ధతిలో, చదివేవారు వ్రాసేవారిని అడ్డగించరు. సాధనం ఏదైనా, పరీక్ష అడిగే ప్రశ్న ఒక్కటే: చదివినవారికి వచ్చిన జవాబు ఏదో ఒక క్షణంలో నిజమై ఉన్నదా?

ఇవి కూడా చూడండి

డేటాబేసు
లావాదేవీ
పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్
సాఫ్ట్‌వేరు పరీక్ష