విద్యార్థి ఒంటి మీద నల్లకోటు
తెలుగునాట నల్లకోటు కనిపిస్తే వకీలుగారనుకోవడం అలవాటు. కానీ కోర్టు వరండాల్లో ఆ కోటు వేసుకు తిరిగేవాళ్లందరికీ వకాల్తా వేసే హక్కు లేదు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన లా విద్యార్థులూ అందులో ఉంటారు. వాళ్లు దాన్ని దొంగతనంగా వేసుకోలేదు. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాలే వాళ్ల దుస్తుల్నీ నిర్ణయించాయి: తెల్లదో నల్లదో ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల టై, నల్లకోటు, నల్ల బూట్లు. మెడలో తెల్ల బ్యాండూ, భుజాల మీద గౌనూ మాత్రం లేవు. ఇదంతా విద్యార్థికి హుందాతనం నేర్పడానికేనని కాలేజీల్లో చెబుతారు. ఈ దుస్తుల చరిత్ర చూస్తే నాకు అలా అనిపించదు. కోర్టులో నోరు విప్పే హక్కు ఎవరికుందో దూరం నుంచే తెలియడానికి గీసిన గీత ఇది. విద్యార్థి సరిగ్గా ఆ గీత మీదే నిలబడ్డాడు.

ఆ గీత కోసం తగవు పాతదే. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడ్డాక కోస్తా జిల్లాల్లో న్యాయవాద వృత్తి అంతస్తులుగా సాగింది. పైన ఇంగ్లండు వెళ్లి చదివొచ్చిన బారిస్టర్లు, తర్వాత హైకోర్టు వకీళ్లు, కింద ప్లీడర్లు, అందరికంటే అడుగున ప్రైవేటు వకీళ్లు. గురజాడ 'కన్యాశుల్కం'లో నాయుడు అలాంటి ప్రైవేటు వకీలే. 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టం ఈ అంతస్తుల్ని కొంత చెరిపింది. 1961 అడ్వకేట్ల చట్టం అందర్నీ ఒకే వర్గం కిందికి తెచ్చింది. లోపలి మెట్లు పోయాక ఇక మిగిలింది ఎన్‌రోల్ అయినవాళ్లకీ కానివాళ్లకీ మధ్య గడప ఒక్కటే. డిగ్రీ తర్వాత శిక్షణ పొందాలన్న షరతును 1973 సవరణ తీసేసింది. 1995లో బార్ కౌన్సిల్ దాన్ని మళ్లీ తెచ్చింది గానీ, 1999లో వి. సుదీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పట్టా పుచ్చుకున్నాక సీనియర్ ఆఫీసులో నేర్వాల్సిన పని చదువు మధ్యలోకి జరిగింది. దాంతోపాటు కోటు కూడా గడప ఇవతలికి వచ్చేసింది.

నల్లకోటు తెల్లదొరలు వదిలివెళ్లిన మూట, తీసి పారేస్తే సరిపోతుందని వాదించేవాళ్లున్నారు. నల్ల గౌను 1694లో పోయిన మేరీ రాణి సంతాపంతో మొదలైందన్న కథ కూడా వాళ్లకు అక్కరకొస్తుంది. ఆ కథ నిజమో కాదో అటుంచితే, మన నియమం పూర్తిగా పరాయిదేం కాదు. అడ్వకేట్ల దుస్తుల మీద బార్ కౌన్సిల్ పెట్టిన నిబంధనలో కోటుకి బదులుగా నల్ల షేర్వానీ, అచ్కన్, చప్కన్ ఉన్నాయి. ప్యాంటుకు ప్రత్యామ్నాయంగా పంచె కూడా ఉంది. హైదరాబాదు వాళ్లకు షేర్వానీ దర్బారు నాటి నుంచీ పరిచయమే. గౌను హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో తప్ప తప్పనిసరి కాదు. కింది కోర్టుల్లో ఎండాకాలం కోటు వేసుకోకపోయినా పర్వాలేదు. 2020 మే నెలలో కరోనా భయంతో సుప్రీంకోర్టే ఆన్‌లైన్ విచారణలకు కోటూ గౌనూ వద్దంది. తెల్ల దుస్తులూ తెల్ల బ్యాండూ చాలన్నది. ఒక్క సర్క్యులర్‌తో పక్కకు జరిగిన కోటు లేకపోతే కోర్టు గౌరవం పోతుందనడం ఎలా కుదురుతుంది? అప్పుడు కూడా బ్యాండు మాత్రం పోలేదు. ఎవరు అడ్వకేటో చెప్పేది అదేనని దాన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకో వాదన కాస్త బలమైనది. అందరికీ ఒకే దుస్తులైతే కలవారి బిడ్డా లేనివారి బిడ్డా సమానంగా కనిపిస్తారంటారు. రంగు ఒకటే గానీ గుడ్డ ఒకటి కాదు, కుట్టు ఒకటి కాదు. కొలిచి కుట్టించిన కోటుకీ, అన్న దగ్గర అరువు తెచ్చుకున్నదానికీ తేడా పసిగట్టడం సీనియర్‌కి కష్టమేమీ కాదు. ఈ భారం సంగతి నియమం రాసినవాళ్లకీ తెలుసు. ఏ కారణం చేతనైనా మొత్తం దుస్తులు సమకూర్చుకోలేని విద్యార్థికి తెల్ల ప్యాంటు, టక్ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పాదాలు కప్పే బూట్లు చాలని అదే నియమంలో రాశారు. చాలా కాలేజీలు కోటూ టై అడిగే వాక్యాన్ని నోటీసు బోర్డుకి ఎక్కించి, ఈ మినహాయింపు వాక్యాన్ని పుస్తకంలోనే వదిలేస్తాయి.

పోతే, కక్షిదారు మోసపోతాడేమోనన్న అభ్యంతరం ఉంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పల్లె నుంచి వచ్చినవాడు టై చూసి ఇంటర్నీ అని, బ్యాండు చూసి అడ్వకేటు అని పోల్చుకోలేడు. నల్లకోటు చూస్తాడు, చేతిలో కాగితాలు పెడతాడు. 2022 చివర్లో ఢిల్లీలోని షాదరా బార్ అసోసియేషన్ ఇంటర్నీలు నల్లకోటు మాని నీలంకోటు వేసుకోవాలని సర్క్యులర్ ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు దాని అమలును నిలిపేసింది. ఒక్కో బార్ ఒక్కో రంగు పెడితే విద్యార్థి ఎన్ని కోట్లు కొనాలి? అయితే ఆ బార్ అడిగిన ప్రశ్నలో న్యాయముంది, తప్పల్లా దానికి వెతికిన మందులోనే. గుర్తింపు కోసమే అయితే మెడలో పెద్దక్షరాల కార్డు కోటు కంటే స్పష్టంగా చెబుతుంది, ఖర్చూ తక్కువ. ఆ కార్డుకి తోడు నియమంలో ఇప్పటికే ఉన్న ఆ తెల్ల ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ చొక్కాలనే మినహాయింపుగా కాక మామూలు దుస్తులుగా చేస్తే కొత్త చట్టమేదీ అక్కర్లేదు, బార్ కౌన్సిల్ తన నియమాన్ని తానే సవరించుకుంటే చాలు.