డిటెక్టివ్ నవలలు - అద్దె గ్రంథాలయాలు

తెలుగులో అపరాధ పరిశోధక నవలలు లేదా డిటెక్టివ్ నవలలు 1950వ దశకం నుండి 1980వ దశకం వరకు విశేష ప్రజాదరణ పొందినవి. ఈ నవలలను కొని దాచుకొన్నవారి కంటే అద్దెకు తెచ్చుకొని, చదివి, పక్కవారికి అందించినవారే ఎక్కువ. రోజు అద్దెకు పుస్తకాలనిచ్చే చిన్న దుకాణాలను అద్దె గ్రంథాలయాలు, అద్దె లైబ్రరీలు, సర్క్యులేటింగ్ లైబ్రరీలు అని వ్యవహరించేవారు. వరంగల్ వంటి తెలంగాణ పట్టణాలలోను, కోస్తా, రాయలసీమ పట్టణాలలోను ఇవి ఒక తరానికి నవలా పఠనాన్ని అలవాటు చేసినవి. చేతులు మారడమే ఈ సాహిత్యానికి బలము, అదే దాని బలహీనత కూడా. ఒక్క ప్రతిని వందలాది మంది చదవడం వలన పాఠకులు పెరిగారు కాని, ప్రతులు మాత్రం నలిగి, చిరిగి, కనుమరుగైనవి.

నేపథ్యం

తెలుగు పాఠకులకు అపరాధ పరిశోధక కథలు 20వ శతాబ్దం తొలి దశకాలలో అనువాదాల ద్వారా పరిచయమైనవి. బెంగాలీ రచయిత పాంచ్‌కడి దే నవలలు అప్పట్లో తెలుగులోకి వచ్చినవి. ఆ తరువాత కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912 - 1975) వేయి నవలల రచయితగా పేరు పొందాడు. ఆయన నవలలన్నీ డిటెక్టివ్ నవలలు కావు. అయినను తక్కువ వెలకు దొరికే చిన్న పుస్తకాన్ని రైలు ప్రయాణంలో చదివి మరొకరికి ఇచ్చివేసే అలవాటును పెంచినవి అవే. ఈ కారణముగా వాటిని కొందరు "రైల్వే సాహిత్యం" అని తేలికగా మాట్లాడేవారు.

1950వ దశకం తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ పాత్ర ఇంటింటికీ తెలిసినది. మద్రాసు నగరంలో నేరాలను ఛేదించే యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఇన్స్‌పెక్టర్ స్వరాజ్యరావు ఈ నవలలలో తరచుగా కనిపిస్తారు. ఇదే కాలంలో టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ మొదలైనవారు కూడా ఈ తరహా నవలలు వ్రాశారు. అనంతరం మధుబాబు వ్రాసిన షాడో నవలలు గూఢచారి కథలకు పెద్ద పాఠకవర్గాన్ని సంపాదించినవి.

వింత పేర్లు, హాస్యం

డిటెక్టివ్ నవలలన్నీ ఒకే మూసలో వచ్చినవి కావు. త్వమేవాహం కావ్యంతోను, సమగ్ర ఆంధ్ర సాహిత్యంతోను ప్రసిద్ధుడైన కవి ఆరుద్ర (1925 - 1998) కూడా డిటెక్టివ్ నవలలు వ్రాశాడు. "పలకల వెండిగ్లాసు", "అణాకో బేడా స్టాంపు" వాటిలో కొన్ని. బేడ అనగా రెండు అణాలు. రెండణాల స్టాంపు ఒక అణాకే ఎట్లా వస్తుందన్న ప్రశ్నను ఆ పేరే పాఠకుని ముందు ఉంచుతుంది. 1957లో దశాంశ నాణేలు వచ్చిన తరువాత పుట్టినవారికి ఇటువంటి పేరును వివరించి చెప్పవలసి వస్తుంది.

మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల "చంటబ్బాయ్" డిటెక్టివ్ కథను హాస్యంతో కలిపినది. దీని ఆధారంగా జంధ్యాల దర్శకత్వంలో అదే పేరుతో 1986లో చలనచిత్రం వచ్చినది. అందులో పాండురంగారావు అనే డిటెక్టివ్‌గా చిరంజీవి నటించాడు. గంభీరమైన పరిశోధకుడినే చదువుతూ వచ్చిన పాఠకులకు నవ్వించే పరిశోధకుడు కొత్తగా తోచాడు.

అద్దె గ్రంథాలయం పనిచేసే తీరు

అద్దె గ్రంథాలయం సాధారణంగా ఒక చిన్న గదిలోనో, కిరాణా లేదా స్టేషనరీ దుకాణంలో ఒక మూలనో ఉండేది. కొత్త పాఠకుడు కొంత సొమ్ము డిపాజిట్‌గా చెల్లించి పేరు, చిరునామా నమోదు చేయించుకొనేవాడు. తీసుకొన్న ప్రతి పుస్తకానికి రోజుకు ఇంత అని అద్దె ఉండేది. కొన్నిచోట్ల నెలవారీ చందా పద్ధతి ఉండేది.

పుస్తకం ఎక్కువమంది చేతులలో నిలవడానికి దుకాణదారుడు దానికి దళసరి అట్ట వేసి, దారంతో గట్టిగా కుట్టించేవాడు. ఈ క్రమంలో అసలు ముఖచిత్రం పోయేది. పుస్తకం వెన్నుమీద చేతివ్రాతతో పేరు, వరుస సంఖ్య వ్రాసి, లోపలి పుటలమీద దుకాణం ముద్ర వేసేవారు. వారపత్రికలలో వచ్చిన సీరియళ్ళను కత్తిరించి, వరుసగా కుట్టించి పుస్తకంగా అద్దెకివ్వడం కూడా వాడుకలో ఉండేది.

రోజు లెక్కన అద్దె కట్టవలసి రావడం పఠనవేగాన్ని నిర్ణయించినది. ఒక ఇంటికి ఉదయం వచ్చిన నవల మరునాటికి తిరిగి వెళ్ళేలోగా ఇంటిల్లిపాదీ చదివేవారు. పక్కింటివారు తెచ్చిన పుస్తకాన్ని ఒక పూట అడిగి తీసుకొని, బదులుగా తాము తెచ్చినది ఇవ్వడం కూడా మామూలే. ఒకే అద్దెతో రెండు, మూడు కుటుంబాలు చదువుకొనే ఈ పద్ధతి దుకాణదారునికి నచ్చకపోయినను, దానిని ఆపడం అతనికి సాధ్యమయ్యేది కాదు.

డిటెక్టివ్ నవలకు ఈ చేతిమార్పిడిలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. హంతకుడెవరో చివరి పుటలలోనే తెలుస్తుంది. పుస్తకంలో త్వరగా ఊడిపోయేవి మొదటి, చివరి పుటలే. ఇతర నవలలకు చివరి పుట పోతే ముగింపు పోతుంది. డిటెక్టివ్ నవలకు అది పోతే కథ మొత్తానికి అర్థమే పోతుంది. అటువంటప్పుడు అంతకుముందు ఆ పుస్తకం చదివినవారిని వెతికి ముగింపు అడిగి తెలుసుకోవలసి వచ్చేది. ముందు పుటలోనే హంతకుని పేరు వ్రాసిపెట్టే ఆకతాయిల బెడద కూడా ఉండేది.

వరంగల్‌లో పఠన సంస్కృతి

వరంగల్ ప్రాంతంలో గ్రంథాలయాల చరిత్ర అద్దె దుకాణాల కంటే చాలా పాతది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడిన తరువాత, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం స్థాపించబడినది. నిజాం రాజ్యంలో పాలనా భాష, ఉన్నత విద్యా మాధ్యమం ఉర్దూ అయినందున, తెలుగు పుస్తకాన్ని అందుబాటులో ఉంచడమే అప్పట్లో ఒక ఉద్యమంగా సాగినది. ఆ గ్రంథాలయాల ఆశయాలు భాషాభివృద్ధి, విజ్ఞానం, సాంఘిక చైతన్యం. కాలక్షేపపు నవలలకు ఈ ఆశయాలలో పెద్ద స్థానం లేదు.

ఉర్దూలో చదువుకొన్న తరానికి ఆ భాషలోని జాసూసీ నవలలు కూడా అందుబాటులో ఉండేవి. ఇబ్నె సఫీ (1928 - 1980) రచించిన జాసూసీ దునియా నవలలు 1952లో మొదలైనవి. ఆ నవలలను రోజుకు ఒక అణా చొప్పున అద్దెకిచ్చే దుకాణాలను ఉర్దూ పాఠకులు "ఆనా లైబ్రరీ" అని పిలిచేవారు. రోజు అద్దె పద్ధతి తెలుగు నవలకే పరిమితమైనది కాదని దీనివలన తెలియుచున్నది.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో పాఠకుల సంఖ్య పెరగడానికి అనువైన పరిస్థితులు 1959 తరువాత ఏర్పడినవి. ఆ సంవత్సరంలోనే ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (2002 నుండి నిట్), కాకతీయ వైద్య కళాశాల ప్రారంభమైనవి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడినది. విద్యార్థుల వసతిగృహాలు, అద్దె గదులు చేతిమార్పిడికి తగిన చోట్లు. ఒక గదిలోకి వచ్చిన నవల వరుసగా అన్ని గదులూ తిరిగేది. హైదరాబాదు, విజయవాడ, బల్లార్షా మార్గాలు కలిసే కాజీపేట జంక్షన్ మీదుగా సాగే ప్రయాణాలు రైలు పఠనానికి అవకాశమిచ్చినవి.

సార్వజనిక గ్రంథాలయాలు, అద్దె దుకాణాలు

హైదరాబాదు రాష్ట్రంలో 1955లోను, ఆంధ్ర ప్రదేశ్‌లో 1960లోను సార్వజనిక గ్రంథాలయ చట్టాలు వచ్చినవి. వీటి వలన జిల్లా, శాఖా గ్రంథాలయాలు ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో నడిచినవి. అక్కడ చదవడానికి రోజు అద్దె లేదు. అయినను పాఠకులు అద్దె దుకాణాలకు వెళ్ళడానికి కారణాలున్నవి. దుకాణంలో కొత్త నవల వెంటనే దొరికేది, సాయంత్రం పొద్దుపోయేవరకు తెరచి ఉండేది, ఏమి చదువుతున్నావని అడిగేవారు ఉండరు. డిటెక్టివ్ నవల చదివితే పిల్లలు చెడిపోతారన్న అభిప్రాయం ఇళ్ళలోను, బడులలోను బలంగా ఉన్న రోజులలో ఈ చివరి కారణం ముఖ్యమైనది. పాఠ్యపుస్తకం మధ్యలో నవల దాచుకొని చదివిన అనుభవం ఆ తరంలో సర్వసాధారణం.

రచయితల రాబడి

అద్దె గ్రంథాలయం రచయితకు పేరు తెచ్చినంతగా రాబడి తేలేదు. వంద మంది చదివినా అమ్ముడైనది ఒక్క ప్రతి మాత్రమే. 1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం, ఒకసారి అమ్ముడైన పుస్తకాన్ని మరొకరికి ఇవ్వడానికి, అద్దెకివ్వడానికి రచయిత అనుమతి అవసరం లేదు, రుసుము కూడా లేదు. బ్రిటన్‌లో 1979లో వచ్చిన చట్టం వలన సార్వజనిక గ్రంథాలయాలలో పుస్తకం ఎరువు వెళ్ళినందుకు రచయితకు కొంత సొమ్ము లభిస్తుంది. అటువంటి ఏర్పాటు భారతదేశంలో లేదు. మరొకవైపు, అద్దె దుకాణాలే ప్రచురణకర్తలకు నమ్మకమైన కొనుగోలుదారులు. అవి లేకపోతే పుస్తకం కొనే స్తోమత లేని పాఠకునికి ఆ నవల చేరే దారి ఉండేది కాదు.

క్షీణత

1980వ దశకంలో దూరదర్శన్ విస్తరణ, వీడియో క్యాసెట్లు, 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్ళ రాక వలన అద్దె గ్రంథాలయాలకు గిరాకీ తగ్గినది. సాయంకాలపు తీరిక సమయం ధారావాహికలకు మళ్ళినది. చాలా దుకాణాలు ఇతర వ్యాపారాలలోకి మారినవి. మూతపడిన దుకాణాల పుస్తకాలు పాత పుస్తకాల వ్యాపారులకో, తూకానికో వెళ్ళినవి.

మిగిలిన ప్రతులు, భద్రపరచడం

గౌరవప్రదమైన సాహిత్యంగా గుర్తింపు లేకపోవడం వలన డిటెక్టివ్ నవలలను క్రమపద్ధతిలో సేకరించినవారు తక్కువ. మిగిలిన ప్రతులలో పెద్దభాగం పాఠకుల ఇళ్ళలోనే ఉన్నవి. అద్దె దుకాణపు అట్ట, ముద్ర, వరుస సంఖ్య ఉన్న ప్రతి ఆ కాలపు పఠన చరిత్రకు కూడా ఆధారమే. అటువంటి అట్టను తీసివేయకుండా ఉంచడం మేలు.

భారత చట్టం ప్రకారం రచయిత జీవితకాలంలోను, మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 సంవత్సరాల పాటును కాపీరైటు ఉంటుంది. ఆ లెక్కన రచయిత జీవించి ఉండగా ప్రచురితమైన కొవ్వలి నవలలు 2036 జనవరి 1 నుండి, ఆరుద్ర నవలలు 2059 జనవరి 1 నుండి అందరి ఉమ్మడి సొత్తు అవుతాయి. అంతవరకు పుస్తకాన్ని చేతికివ్వడం చట్టసమ్మతమే కాని, స్కాన్ చేసి అందరికీ పంచడానికి హక్కుదారుల అనుమతి కావాలి. మధుబాబు నవలల వంటివి పునర్ముద్రణలుగాను, ఈ-పుస్తకాలుగాను తిరిగి పాఠకులకు అందినవి. పునర్ముద్రణకు నోచుకోని నవలలు మాత్రం కాపీరైటు గడువు తీరేవరకు ఎవరో ఒకరి బీరువాలో, చివరి పుటతో సహా, మిగిలి ఉండవలసినదే.

ఇవి కూడా చూడండి

తెలుగు నవల
కొమ్మూరి సాంబశివరావు
ఆరుద్ర
చంటబ్బాయ్
గ్రంథాలయోద్యమం
వరంగల్