అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సేన: మాస్కో మీనమేషాలు

అఫ్గానిస్థాన్‌కు సైన్యాన్ని పంపాలా వద్దా అన్న సందేహం సోవియట్ నాయకులను యుద్ధానికి ముందే పట్టుకుంది. 1979 మార్చిలో హేరాత్‌లో తిరుగుబాటు లేచినప్పుడు కాబూల్ కమ్యూనిస్టు ప్రభుత్వాధినేత తరకీ సేనలు పంపమని ప్రాధేయపడ్డాడు. విదేశాంగ మంత్రి గ్రోమికో మొదటి రోజు ఆ దేశాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేజార్చుకోరాదన్నాడు. మర్నాటికల్లా సేనలు పంపవద్దన్న వారి పక్షాన చేరాడు. ప్రధాని కోసిగిన్ తరకీని మాస్కోకు రప్పించి, సోవియట్ సైనికులు అడుగుపెడితే పరిస్థితి మరింత విషమిస్తుందని ముఖం మీదే చెప్పాడు. తర్వాత జరిగింది అదే.

ఆ వివేకం తొమ్మిది నెలలు నిలవలేదు. సెప్టెంబరులో అఫ్గాన్ ప్రధాని అమీన్ తరకీని గద్దె దించి, అక్టోబరులో చంపించాడు. అమీన్ అమెరికా వైపు జారుకుంటాడన్న అనుమానం మాస్కోలో ముదిరింది. డిసెంబరు 12న సోవియట్ అధినేత బ్రెజ్నేవ్ చుట్టూ ఉన్న కొద్దిమంది నిర్ణయం తీసేసుకున్నారు. సైనిక ప్రధానాధికారి ఒగార్కోవ్ అభ్యంతరాన్ని పట్టించుకున్నవారు లేరు. డిసెంబరు 27న సోవియట్ దళాలు అమీన్‌ను హతమార్చి బబ్రాక్ కార్మల్‌ను గద్దెనెక్కించాయి. త్వరలోనే వెనక్కి వస్తుందనుకున్న సేన తొమ్మిదేళ్లు అక్కడే చిక్కుకుంది.

స్వదేశంలో జనానికి యుద్ధమన్న మాటే వినిపించలేదు. పత్రికల్లో సైనికులు ‘అంతర్జాతీయ కర్తవ్యం’ నెరవేరుస్తూ, బడులు కడుతూ, మొక్కలు నాటుతూ కనిపించేవారు. రెండేళ్ల నిర్బంధ సేవకు వెళ్లిన కుర్రాళ్లు మాత్రం జింకు శవపేటికల్లో ఊళ్లకు చేరేవారు. తొలి ఏళ్లలో చాలా సమాధిరాళ్ల మీద అఫ్గానిస్థాన్ పేరే ఉండేది కాదు. బాహాటంగా నిరసించిన భౌతిక శాస్త్రవేత్త సఖరోవ్‌ను 1980 జనవరిలో గోర్కీ నగరానికి పంపి నిర్బంధంలో ఉంచారు. ప్రాణాలతో తిరిగొచ్చిన ‘అఫ్గాంత్సీ’ల పరిస్థితి మరీ ఇరకాటం. యుద్ధం తప్పని ఒప్పుకుంటే పక్కన పోరాడి పోయినవాళ్ల చావులకు అర్థం లేకుండా పోతుంది. ఒప్పని వాదించడానికేమో తాము కళ్లారా చూసిందే అడ్డు.

1985 మార్చిలో అధికారానికి వచ్చిన గోర్బచేవ్ ఏడాది తిరక్కుండానే ఈ యుద్ధాన్ని రక్తమోడే గాయమన్నాడు. 1986 నవంబరు 13న పార్టీ అత్యున్నత మండలి పొలిట్‌బ్యూరోలో మార్షల్ అఖ్రొమేయెవ్ లెక్క తేల్చాడు. ఆ దేశంలో సోవియట్ సైనికుడు కాలుపెట్టని చోటంటూ లేదు. సైనికుడు కదిలిన వెంటనే ఆ చోటు తిరుగుబాటుదారుల వశమవుతోంది. అఫ్గాన్ ప్రజలను తమవైపు తిప్పుకోవడంలో ఓడిపోయామని సేనానే ఒప్పుకున్నాక వాదించడానికి ఏమీ మిగల్లేదు. రెండేళ్లలో బయటపడాలని అనుకున్నారు.

అయినా ఉన్నపళంగా రావడానికి మనసొప్పలేదు. 1987 ఫిబ్రవరి చర్చల్లో గోర్బచేవ్ చెప్పిన కారణాల్లో భారత్ పేరు కూడా ఉంది. ఒక్కసారిగా వదిలేస్తే భారత్, ఆఫ్రికా దేశాలు కలవరపడతాయని, సోవియట్ ప్రతిష్ఠ దెబ్బతింటుందని అతని భయం. అఫ్గానిస్థాన్‌లో పనిచేసి వచ్చిన లక్షల మంది సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ఏం జవాబు చెప్పాలన్నది మరో చిక్కు. ఈ రెండో కారణంలో కొంత మానవత్వం ఉంది గాని, జవాబు వెతుక్కుంటున్న ఆ 1987లోనే మరో వెయ్యిమందికి పైగా సోవియట్ సైనికులు చనిపోయారు.

1988 ఏప్రిల్ 14న జెనీవా ఒప్పందాలు కుదిరాయి. మే 15న ఉపసంహరణ మొదలైంది. గ్రోమికో తర్వాత విదేశాంగ మంత్రి అయిన షెవర్దనాద్జే, కార్మల్ స్థానంలోకి వచ్చిన నజీబుల్లా కోసం కొంత సైన్యాన్ని ఉంచుదామని చివరిదాకా పట్టుబట్టాడు. ఆ పట్టుదల ఫలితంగా ఇంటిదారి పట్టిన సేనే 1989 జనవరిలో సాలంగ్ కనుమ పరిసరాల్లో తిరుగుబాటుదారులపై పెద్దయెత్తున దాడి చేసింది. ఫిబ్రవరి 15న సేనాధిపతి జనరల్ గ్రోమోవ్ సరిహద్దులోని అమూ దర్యా వంతెన దాటడంతో ఉపసంహరణ ముగిసింది. సోవియట్ మృతులు దాదాపు 15,000. అఫ్గాన్ మృతుల లెక్క లక్షల్లో ఉంది. దేశం విడిచిపోయిన వారు 50 లక్షలకు పైమాటే.

సేనలు తిరిగొచ్చినా మాస్కోలో తగవు తీరలేదు. 1989 జూన్‌లో ప్రజాప్రతినిధుల మహాసభలో, నిర్బంధం వీడి సభ్యుడైన సఖరోవ్ ఆ యుద్ధాన్ని నేరమన్నప్పుడు సభ కేకలతో అతని గొంతు నొక్కింది. అతను డిసెంబరు 14న మరణించాడు. పది రోజుల తర్వాత అదే మహాసభ, సైన్యాన్ని పంపాలన్న 1979 నాటి నిర్ణయం నైతికంగా, రాజకీయంగా ఖండనార్హమని తీర్మానించింది.