జ్వరం వస్తే మందు ఎందుకు ఎక్కువవుతుంది?

అల్ ఖర్జ్ నుంచి మాట్లాడుతున్నాను. నేను డాక్టర్ని కాదండీ, కంప్యూటర్ల మనిషిని. మా అమ్మ ఉబ్బసానికి ఏళ్ళ తరబడి డెరిఫిలిన్ వేసుకునేది. ఆ మాత్ర చరిత్ర వెతుకుతుంటే ఈ సంగతి దొరికింది.

అందులో ఉండే థియోఫిలిన్‌తో చిక్కేమిటంటే, మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. కాస్త ఎక్కువైతే వాంతులు, గుండెదడ. బాగా ఎక్కువైతే ఫిట్స్. వైరస్ వల్ల జలుబు, దగ్గు పట్టుకున్న ఉబ్బసం పిల్లల ఒంట్లోంచి ఈ మందు మామూలుకంటే చాలా నెమ్మదిగా పోతోందని 1978లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 1980లో సియాటిల్ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా-బి వ్యాపించినప్పుడు, రోజూ పడే మోతాదే 11 మంది పిల్లలకు వికటించింది. మాత్రలేమీ పెరగలేదు, జ్వరం వచ్చిందంతే!

చాలా మందుల్ని విరిచి బయటికి పంపేది ముఖ్యంగా లివర్‌లోని సైటోక్రోమ్ పి450 ఎంజైములు. 1962లో ఆ పేరు పెట్టింది జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాటో. ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టించే పదార్థాలిస్తే ఎలుకల్లో ఈ ఎంజైములు తగ్గుతాయని 1976లో రెంటన్, మానరింగ్ చూపించారు. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు సంకేతాలు అందగానే లివర్ సీఆర్‌పీ వంటి ప్రొటీన్ల తయారీలో పడి, ఈ ఎంజైముల తయారీ తగ్గించేస్తుంది. మా భాషలో చెప్పాలంటే, సర్వర్ ఎమర్జెన్సీ పనిమీదికి వెళ్ళిపోయి రోజువారీ పనుల్ని క్యూలో నిలబెట్టినట్టు.

తిరగేసి చూస్తే ఇంకా తమాషా. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి ఆ సంకేతాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఒక్క డోసు ఇస్తే, వారానికి రక్తంలో సిమ్వాస్టాటిన్ సగానికి పైగా తగ్గింది. వాపు అణగగానే లివర్ మళ్ళీ పనిలోకి దిగిందన్నమాట.

మనకు దగ్గరి కథ హైదరాబాదులోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ కమలా కృష్ణస్వామి, తిండి చాలని ఒంట్లో మందులు ఎలా అరుగుతాయో 1970లలోనే పరిశోధించారు. పుష్టిగా ఉన్నవాళ్ళ లెక్క అందరికీ సరిపోదని అంత ముందే పట్టుకున్నందుకు ఆవిడకు రావలసినంత పేరు రాలేదని నాకనిపిస్తుంది.

ఇక్కడ మనలో చాలామంది సెలవులకి వెళ్ళి నెలలకు సరిపడా మాత్రలు తెచ్చుకుంటాం కదా. జ్వరమొస్తే సొంతంగా ఆపెయ్యకండి, రోజూ ఏం వేసుకుంటున్నారో మాత్రం డాక్టరుకి చెప్పండి. ఓ కాగితంమీద రాసి ఇకామా పక్కనే పర్సులో పెట్టుకోండి. బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు రాయండి. డెరిఫిలిన్ అంటే ఇక్కడి డాక్టరుకి తెలియకపోవచ్చు, థియోఫిలిన్ అంటే తెలుస్తుంది.